నా వంతు వచ్చినప్పుడు: సోషల్ యాంగ్జైటీతో రోల్ ప్లేయింగ్ ఆటలు

నేను రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడతానంటే నన్ను బాగా ఎరిగినవాళ్లు ముందు నమ్మరు. నమ్మాక అందరూ అడిగేది ఒకటే: అది మొత్తం మాట్లాడే ఆట కదా, నలుగురిలో నోరు విప్పాలంటేనే చెమటలు పట్టేస్తాయి నీకు, ఎలా ఆడుతున్నావు? దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేను కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ఈ ఆట ఆడాలని ఉండీ ధైర్యం చాలక ఆగిపోయినవాళ్లు మన దగ్గర చాలామందే ఉంటారు. వాళ్లలో ఒక్కరికి పనికొచ్చినా చాలు.

ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆటలకు పేరొచ్చింది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు, వాళ్లను డంజన్ మాస్టర్, పొట్టిగా డిఎం అంటారు. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర, ఆ పాత్ర వివరాలు రాసుకునే కాగితం ఒకటి, దాన్ని షీట్ అంటారు. డిఎం పరిస్థితి చెబుతారు, మన పాత్ర ఏం చేస్తుందో మనం చెబుతాం. అది జరుగుతుందో లేదో అనుమానం ఉన్నచోట 20 ముఖాల డైస్ వేస్తాం. ఒకరు గెలిచి ఇంకొకరు ఓడిపోవడం ఉండదు. నడిచేదంతా మాట మీదే. రూల్స్ కోసం డబ్బు పెట్టనక్కర్లేదు, ఐదో ఎడిషన్ మూల నియమాలను 2023 జనవరిలో ఎవరైనా వాడుకునేలా ఉచితంగా విడుదల చేశారు.

ఇక నా సంగతి. చిన్నప్పుడు అందరూ నన్ను నెమ్మదస్తురాలు అనేవారు. తెనాలి దగ్గర మా ఊళ్లో ఆడపిల్ల మాట్లాడకపోతే అది మంచి లక్షణం కిందే లెక్క, అందుకని ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. హైస్కూల్‌కి వచ్చేసరికి అది సిగ్గు దాటిపోయి, నలుగురిలో ఉండాలంటేనే పట్టుకునే భయమైంది, దాన్నే సోషల్ యాంగ్జైటీ అంటారు. క్లాసులో నా పేరు పిలుస్తారేమో అన్న ఊహకే గుండె దడదడలాడేది. ఇంజనీరింగ్‌లో వైవా ఉందంటే ముందు రోజు నుంచే అన్నం సయించేది కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక రోజూ పొద్దున టీమ్ కాల్‌లో, నిన్న ఏం చేశామో రెండు వాక్యాల్లో చెప్పాలి. ఆ రెండు వాక్యాలు అరగంట ముందు నుంచే మనసులో తిరుగుతుండేవి. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు ఏం చెప్పారో ఒక్క ముక్క చెవిన పడేది కాదు. పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. కొన్న వస్తువు పాడైతే మార్చి ఇవ్వమని అడగలేక ఇంట్లో అలాగే పడేసినవి బోలెడు.

సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆవిడ మొదట ఒక ప్రశ్నల కాగితం ఇచ్చారు. దాని పేరు లీబోవిట్జ్ స్కేల్, 1987 నుంచీ వాడుకలో ఉంది. అందులో 24 సందర్భాలుంటాయి. ఒక్కోదానికి భయం ఎంత, దాన్నుంచి తప్పించుకోవడం ఎంత అని 0 నుంచి 3 దాకా వేసుకోవాలి. కొన్న వస్తువును షాపుకు తీసుకెళ్లి వాపసు ఇవ్వడం కూడా అందులో ఒకటి. అది చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. నా ఒక్కదానికే ఉన్న పిచ్చి అనుకున్నది, ప్రశ్నగా అచ్చు వేయించేంత మందికి ఉందని అప్పుడే తెలిసింది.

మేడం నాకు ఒక వివరణ చెప్పారు. 1995లో డేవిడ్ క్లార్క్, ఆడ్రియన్ వెల్స్ అనే మనస్తత్వవేత్తలు ఇచ్చిన వివరణ అది. భయం పుట్టగానే మన ధ్యాస ఎదుటివాళ్ల మీద నుంచి మన మీదికి మళ్లుతుంది. గొంతు వణుకుతోందా, ముఖం ఎలా ఉంది, చేతులు ఎక్కడ పెట్టాలి అని మనల్ని మనమే లోపల్నుంచి కాపలా కాస్తాం. బయట నిజంగా ఏం జరుగుతోందో చూడం. పైగా గండం గట్టెక్కడానికి చిన్న చిన్న ఏర్పాట్లు చేసుకుంటాం: కళ్లు దించుకోవడం, వాక్యం ముందే కూర్చుకోవడం, గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడం. వాటిని సేఫ్టీ బిహేవియర్స్ అంటారు. ఏ ప్రమాదమూ జరగకపోయినా, ఆ ఏర్పాట్ల వల్లే బతికిపోయాం అనుకుంటాం కాబట్టి భయం అలాగే ఉండిపోతుంది. అంతా అయ్యాక రాత్రి పడుకుని జరిగినదాన్ని పదే పదే తిరగేసుకోవడం ఇంకో భాగం. ఈ మూడూ నాలో పుష్కలంగా ఉన్నాయి.

ఆట గురించి నాకు చెప్పింది మా రూమ్మేట్. రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నవ్వుతూ, అరుస్తూ, ఒకసారైతే నిజంగానే ఏడుస్తూ ఆడేది. గదిలో ఈ పక్క మంచం మీద కూర్చుని ఒకవైపు మాటలే వినేదాన్ని. అయినా కథ అర్థమయ్యేది. నాకూ అలా ఉండాలని అంత గట్టిగా అనిపించింది మరి దేని గురించీ లేదు. మేడంకి చెప్పాను. ఆవిడకి ఆ ఆట తెలియదు. "అందులో మీరు ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు మాట్లాడాలి?" అని అడిగి కాగితం మీద రాసుకున్నారు. అన్నిటికంటే తేలికైనది అడుగున, కష్టమైనది పైన పెట్టి మెట్లు కట్టారు. కిందిమెట్టు రాతలో ఆడడం, దాని పైన గొంతుతో ఆడడం, అన్నిటికంటే పైన మనుషుల మధ్య బల్ల దగ్గర కూర్చుని ఆడడం.

రాతలో ఆడే ఆట, చాట్ చేసుకునే యాప్ డిస్కార్డ్‌లో దొరికింది. డిఎం ఒక పేరా రాస్తాడు, మనం మనకు వీలైనప్పుడు మన పాత్ర ఏం చేసిందో రాస్తాం. ముఖం లేదు, గొంతు లేదు. సుఖంగా ఉంది. ఆ సుఖంలోనే ఒక చిక్కు కనిపించింది. నాలుగు వాక్యాలు రాయడానికి గంట పట్టేది. రాసి, చెరిపి, ఎవరేమనుకుంటారో అని మళ్లీ రాయడం. మేడం విని, పది నిమిషాల్లో ఎలా ఉంటే అలా పంపేయమన్నారు. అచ్చుతప్పుతో సహా. మొదటిసారి అలా పంపాక ఫోన్ బోర్లా పెట్టి వంటగదిలోకి వెళ్లిపోయాను. తిరిగొచ్చి చూస్తే అవతలివాళ్లు వాళ్ల పాత్రల గొడవలో వాళ్లున్నారు. నా వాక్యంలోని తప్పు ఎవరి కంటా పడలేదు, నేను తీసిన తలుపు వెనక ఏముందా అన్నదే వాళ్ల బాధ.

గొంతుతో ఆడడం దగ్గర ఒక చేదు అనుభవం ఉంది. నేను చేరిన ఆన్‌లైన్ గ్రూపులో డిఎం నటన కావాలనే మనిషి. "నా పాత్ర కాపలావాడిని దారి అడుగుతుంది" అని నేనంటే, "అలా కాదు, అడుగు, నువ్వే అడుగు, ఫీల్ అవుతూ అడుగు" అనేవాడు. అందరూ నా కోసం ఆగేవాళ్లు. హెడ్‌ఫోన్స్‌లో ఆ నిశ్శబ్దాన్ని భరించడం నరకం. నేను మళ్లీ పాత పద్ధతిలోనే చెబితే, అది లెక్కలోకి రాదన్నాడు. ఆ ఆటే మానేద్దామనుకున్నాను. తర్వాత ఐదో ఎడిషన్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ తిరగేస్తుంటే అందులో స్పష్టంగా ఉంది. పాత్రను పోషించడానికి రెండు పద్ధతులు చెప్పారు. ఒకటి పాత్ర ఏం చేసిందో, ఏమందో బయటినుంచి వర్ణించి చెప్పడం, రెండోది పాత్రగా మారి ఆ గొంతుతోనే మాట్లాడడం. మొదటిది తక్కువ, రెండోది ఎక్కువ అని ఎక్కడా లేదు. ఆ పేజీ ఫొటో తీసి దాచుకున్నాను.

ఆ గ్రూపులోంచి వచ్చేశానని మేడంకి భయం భయంగానే చెప్పాను, తప్పించుకున్నానంటారేమో అని. "మీరు వదిలేసింది ఆటనా, ఆ గ్రూపునా?" అని అడిగారు. గ్రూపునే అన్నాను. "అయితే ఇంకో గ్రూపు చూసుకోండి" అన్నారు, అంతే. సోషల్ యాంగ్జైటీ ఉన్నవాళ్లు ప్రతి అసౌకర్యాన్నీ ఓర్చుకుని తీరాలనే మాట నేను ఒప్పుకోను. భయం కలిగించే పరిస్థితి వేరు, మనిషిని చులకన చేసే పరిస్థితి వేరు. రెండోదాన్ని భరిస్తే నయమయ్యేదేమీ లేదు.

మా రూమ్మేట్‌కు తెలిసినవాళ్లు ఆదివారాలు కొండాపూర్‌లో ఒకరి ఫ్లాట్‌లో ఆడుతున్నారని తెలిసింది. డిఎం వరంగల్ మనిషి, మా అందరికంటే పెద్దవాడు, అందరూ అన్నా అంటారు. వెళ్లేముందు ఆయనకు ఒక మెసేజ్ పెట్టాను. ఇలాంటిది రాయాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "అన్నా, నాకు సోషల్ యాంగ్జైటీ ఉంది, థెరపీ తీసుకుంటున్నాను. నేను మౌనంగా ఉంటే ఆట నచ్చలేదని కాదు. అందరి ముందు, ఏంటి మాట్లాడట్లేదు అని మాత్రం అడగొద్దు. ఫలానా తలుపు తీస్తావా, తీయవా అని అడిగితే చెప్పగలను." జవాబు వచ్చింది: "సరే చెల్లె. నీకు కష్టమైనప్పుడు డైస్ నీ షీట్ మీద పెట్టు. నేను వేరేవాళ్ల దగ్గరికి పోయి మళ్ల వస్త. మొత్తానికి మాత్రం వదిలెయ్య."

ఆ ఆఖరి మాట నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. చాలామంది మంచివాళ్లు నన్ను పూర్తిగా వదిలేస్తారు, పాపం ఇబ్బంది పడుతుందని. వదిలేస్తే ఆ క్షణానికి హాయి, తర్వాత నేను అక్కడ లేనట్టే. మళ్లీ వస్తానని చెప్పినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

మొదటి ఆదివారం ఆడలేదు, అది సెషన్ జీరో. ఆట మొదలయ్యేముందు అందరూ కూర్చుని ఎలాంటి కథ కావాలి, ఏ విషయాలు వద్దు అని మాట్లాడుకోవడాన్ని అలా అంటారు. బల్ల మధ్యలో ఎక్స్ గుర్తు గీసిన కార్డు పెట్టారు. జాన్ స్టావ్రోపౌలస్ అనే ఆటల రూపకర్త తెచ్చిన పద్ధతి అది. కథలో ఏదైనా మనసుకు కష్టంగా అనిపిస్తే కార్డు ముట్టుకుంటే చాలు, ఆ విషయం తీసేసి ముందుకెళ్తారు. ఎందుకని ఎవరూ అడగరు. నిజానికి అది కథలోని విషయాల కోసం పెట్టింది, నాలాంటివాళ్ల మౌనం కోసం కాదు. అయినా కారణం చెప్పకుండా ఆగమనే హక్కు అందరికీ ఉన్న చోట కూర్చోవడం వేరుగా ఉంటుంది. నా భుజాలు కొంచెం దిగాయి.

నేను రోగ్ పాత్ర తీసుకున్నాను. చప్పుడు చేయకుండా నడవడం, తాళాలు తీయడం, చీకట్లో దాక్కోవడం దాని విద్యలు. మాటకారితనం అవసరం లేని పాత్ర కావాలనే ఎంచుకున్నాను. మేడం కూడా సరేనన్నారు. మొదట కొత్త మనుషుల మధ్య రెండు మూడు గంటలు కూర్చోగలగడమే పని, మిగతాది తర్వాత అన్నారు.

అక్కడ కూర్చున్నాక ఒకటి గమనించాను. ఈ ఆటలో యుద్ధం వస్తే నాకు అస్సలు భయం వేసేది కాదు. యుద్ధం లేనప్పుడు మాత్రం, ఊరికే సత్రంలో కూర్చుని పాత్రలు కబుర్లు చెప్పుకుంటుంటే చచ్చేంత టెన్షన్. చాలాకాలం దీనికి కారణం అర్థం కాలేదు. తర్వాత తట్టింది. యుద్ధం మొదలవగానే అందరూ ఇనిషియేటివ్ అని డైస్ వేస్తారు, వచ్చిన అంకెల ప్రకారం వరస ఖాయమవుతుంది. ఎవరి తర్వాత ఎవరో కాగితం మీద ఉంటుంది. నా వంతు వచ్చేదాకా నేను మాట్లాడనక్కర్లేదు, వచ్చాక నా మాటకు ఎవరూ అడ్డురారు. కబుర్లలో ఆ వరస ఉండదు. ఎక్కడ దూరాలి, ఒకేసారి ఇద్దరం మొదలుపెడితే ఎవరు ఆగాలి, నా మాట పూర్తయ్యేలోపు విషయం మారిపోతే ఏం చేయాలి అనే లెక్కలతోనే నా బుర్ర నిండిపోతుంది. నాకు మాట భయం కంటే ఈ వంతు లేని మాట భయం ఎక్కువ. ఆఫీసులోనూ అంతే, ప్రజెంటేషన్ కంటే భోజనాల బల్ల దగ్గర కబుర్లే నాకు కష్టం.

ఇది అన్నకు చెప్పాను. ఆ తర్వాత నుంచి మామూలు సన్నివేశాల్లో కూడా ఒక చుట్టు వేసేవాడు. "సత్రంల ఉన్నరు. అక్కా, నువ్వేం చేస్తున్నవ్? నువ్వు? నువ్వు?" అని బల్ల చుట్టూ వచ్చేవాడు. నా ఒక్కదాని కోసమని ఎవరికీ తెలియలేదు. క్లెరిక్, అంటే దైవశక్తితో గాయాలు మాన్పే పాత్ర, ఆడే అక్క జూనియర్ కాలేజీలో లెక్చరర్. ఎంతో బాగా మాట్లాడే ఆవిడ కూడా, ఇలా అడిగితే తనకూ హాయిగా ఉందన్నారు.

నేను చేసిన ఇంకో పని, ఇంటి దగ్గరే రెండు వాక్యాలు రాసుకుని తీసుకెళ్లడం. నా పాత్ర ఈరోజు ఏం కోరుకుంటోంది, ఎవరిని నమ్మట్లేదు అని. అది పట్టుకుని మాట్లాడేదాన్ని. మేడం దీన్ని కొన్నాళ్లు ఒప్పుకున్నారు, తర్వాత వద్దన్నారు. ముందే కూర్చుకున్న వాక్యం సేఫ్టీ బిహేవియరే. మొదట్లో అది నన్ను బల్ల దాకా తెచ్చింది కాబట్టి మంచిదే. తర్వాత తర్వాత ఆ వాక్యం చెప్పే సందు కోసం ఎదురుచూస్తూ మిగతా ఆటంతా వినడం మానేస్తున్నాను. ఆఫీసు కాల్‌లో జరిగేదే ఇక్కడా జరుగుతోంది. డైస్ షీట్ మీద పెట్టడం మాత్రం ఉంచుకోమన్నారు. తేడా ఏంటని అడిగితే, అది పెట్టాక మీరు మళ్లీ మాట్లాడుతున్నారు కదా అన్నారు. ఇప్పటికీ ఏ ఏర్పాటైనా అలాగే చూసుకుంటాను, దాని తర్వాత నేను మాట్లాడుతున్నానా లేదా అని.

ఆటకు ముందు ఒక పుస్తకంలో నా భయం రాసుకోవడం, తర్వాత నిజంగా జరిగింది దాని పక్కన రాయడం కూడా ఆవిడ చెప్పిందే. ఒక ఆదివారం ఎడమవైపు ఇలా రాశాను: "నా గొంతు వణికితే అందరూ ఆట ఆపి నా ముఖం చూస్తారు." ఆ రోజు గొంతు నిజంగానే వణికింది. కానీ మేడం మాట ప్రకారం ఆ క్షణంలోనే తలెత్తి చుట్టూ చూశాను. ఒకతను తన షీట్‌లో లెక్క చెరుపుతున్నాడు. మంత్రగాడి పాత్ర విజార్డ్ ఆడే అమ్మాయి చిప్స్ ప్యాకెట్‌లో అడుగున ఉన్న ముక్కలు ఏరుకుంటోంది. అక్క మ్యాప్ మీద నా బొమ్మ ఎక్కడుందా అని వెతుకుతున్నారు. అన్న మాత్రం నన్ను చూస్తున్నాడు, నేను చెప్పేది కథకు కావాలి కాబట్టి. కుడివైపు అదే రాశాను. ముఖాలు కనిపించని ఆన్‌లైన్ ఆటే నాకు తేలిక అనుకునేదాన్ని. తీరా చూస్తే కనిపించని ముఖాల మీద నా భయం తనకు ఇష్టమొచ్చినవి గీసుకునేది. కనిపించే ముఖాల్లో చిప్స్ తినే ముఖాలే ఉన్నాయి.

నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది నీరటి సన్నివేశం. అన్న కథంతా మన దక్కన్ లాంటి ప్రాంతంలో నడిపించాడు, రాతికోటలు, చెరువులు. ఒక కోటలోకి రహస్య సొరంగం ఉంది. దాని నోరు చెరువు తూము కింద ఉంది. తూములోంచి నీళ్లు పోతున్నంతసేపూ లోపలికి వెళ్లలేం. తూము తాళం చెవి నీరటి తాతది, ఊరి పొలాలకు నీళ్లు వదిలేది ఆయనే. ఆయన్ను ఒప్పించాలి. మాటకారి పాత్ర ఆడే అతను ఆ రోజు రాలేదు. ఫైటర్ బెదిరిద్దామన్నాడు. అక్క డబ్బు ఇద్దామన్నారు. అన్న ముసలాయన గొంతుతో, "పైసలు తీస్కొని ఏం జెయ్యాలె బిడ్డా, తూము మూస్తే కింద మడులు ఎండిపోతయ్" అన్నాడు.

మా తాతగారిది కాలవ కింద వ్యవసాయం. ఎండాకాలం నీళ్లు వంతులవారీగా వదిలేవారు. రాత్రి వంతు వస్తే టార్చిలైటు పట్టుకుని ఆయన వెంట నేనూ పొలం వెళ్లేదాన్ని. పై పొలం వాడితో ఏం మాట్లాడితే ఒక గంట ముందు వదులుతాడో, ఏం మాట్లాడితే బిగుసుకుంటాడో చూస్తూ పెరిగాను. అందుకే నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది. "తాతా, మొత్తం మూయమనట్లేదు. ఈ రాత్రి వంతు ఎవరిదో వాళ్లనే అడుగు. ఒక్క జాము మాకు ఇప్పించు. రేపు ఆ జాము వాళ్ల వంతుకు కలుపు. కావాలంటే మాలో ఒకరు ఇక్కడే నీ దగ్గర కూర్చుంటారు, జాము దాటగానే తూము ఎత్తేద్దువుగాని." నా పాత్ర అంటుంది అని మొదలుపెట్టలేదు. నేనే మాట్లాడేశాను. ఆ సంగతి నాకు ఆ క్షణంలో తెలియనే లేదు.

అన్న కాసేపు గడ్డం గీరుకుని, మాట బాగుంది, అడ్వాంటేజ్ ఇస్తున్నా అన్నాడు. అంటే రెండు డైస్‌లు వేసి పెద్ద అంకె తీసుకోవచ్చు. పర్సుయేషన్‌కు, అంటే ఒప్పించడానికి, 15 రావాలి. ఒకదాని మీద 4 పడింది, రెండోదాని మీద 9. నా పాత్రకు ఒకటి కలుస్తుంది, మొత్తం 10. ఒప్పుకోలేదు తాత. పైగా మేం వచ్చిన సంగతి కోటకు కబురు పంపాడు.

నాకు ఆ ఓటమి విలువ మాటల్లో చెప్పడం కష్టం. నా జీవితంలో నేను అడిగింది ఎవరైనా కాదంటే, నేను అడిగిన తీరు బాగోలేదు, నేనే బాగోలేదు అనుకునేదాన్ని. ఇక్కడ మాట బాగుందని అందరూ విన్నారు, అయినా పని కాలేదు. ఈ రెండూ విడివిడిగా నా కళ్ల ముందే బల్ల మీద పడి ఉన్నాయి. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఫైటర్ "పదండి, ఇక ఈదడమే" అని నవ్వాడు. ఆ రాత్రి నీళ్లలో జరిగిన పోరాటం గురించి మా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు, నా డైస్ పడి ఉంటే అది జరిగేదే కాదు. ఆ తర్వాతి వారం నేను వాడని ఇయర్‌ఫోన్స్ వాపసు ఇవ్వడానికి షాపుకు వెళ్లాను. ఏడు రోజులు దాటిపోయాయి, తీసుకోం అన్నారు. సరే అండీ అని వచ్చేశాను. అడగడం వరకే నాది.

రాత్రిపూట తిరగేసుకోవడం అంత తొందరగా పోలేదు. ఆట అయ్యాక ఇంటికొచ్చి పడుకోగానే, ఆ మాట ఎందుకన్నాను, ఆవిడ అలా ఎందుకు చూసింది అని మొదలయ్యేది. దానికి నాకు దొరికిన మందు కథ రాయడం. ఆ రోజు జరిగింది నా పాత్ర డైరీలాగా ఒక పేజీ రాస్తాను. అందులో నా గొంతు వణికిన సంగతికి చోటుండదు. చెరువుకీ, నీరటికీ, పారిపోయిన గుర్రానికీ చోటుంటుంది. అక్క అడిగితే ఒకసారి గ్రూపులో పెట్టాను. ఇప్పుడు ప్రతి సెషన్ మొదట్లో అది పైకి చదవడం నా పని. మొదటిసారి చదివినప్పుడు కాగితం వణుకుతుంటే బల్ల మీద పెట్టి చదివాను. ఇప్పుడు చేత్తో పట్టుకునే చదువుతున్నాను.

డిఎంలకు, పాత ఆటగాళ్లకు కొన్ని మాటలు చెప్పాలనుంది. మాట్లాడని మనిషిని "నువ్వేం చేస్తావ్?" అని అడిగితే మా బుర్ర ఖాళీ అయిపోతుంది. "ఎడమ దారిలో వెలుగుంది, కుడి దారిలో చప్పుడుంది, ఎటు?" అని అడగండి. జవాబు కోసం నాలుగైదు సెకన్లు ఆగండి, ఆ కాసేపు మీ నోట్స్ చూసుకోండి, మా ముఖం వైపు చూస్తూ ఉండకండి. ఇంకొకటి, ఎవరైనా మొదటిసారి బాగా మాట్లాడినప్పుడు అందరి ముందు "అబ్బో, ఇవాళ భలే మాట్లాడావే" అనకండి. ప్రేమతోనే అంటారు, తెలుసు. కానీ అప్పటిదాకా కథలో ఉన్న మనిషి ఆ ఒక్క మాటతో మళ్లీ తన ముఖం ఎలా ఉందో చూసుకోవడం మొదలుపెడుతుంది. నీరటి సన్నివేశం తర్వాత అన్న నా గురించి ఒక్క మాట కూడా అనలేదు. తాత పాత్రలోనే ఉండి, "పిల్లకు నీళ్ల సంగతి తెలుసు" అని గొణిగి తూము వైపు తిరిగిపోయాడు. నాకు అంతకంటే మంచి మెప్పు ఇంతవరకు రాలేదు.

ఆట ఒక్కటే ఇదంతా చేసిందని ఎవరూ అనుకోవద్దు. వెనక థెరపీ ఉంది, మేడం ఉన్నారు. బడికి, ఉద్యోగానికి వెళ్లలేనంత భయం ఉన్నవాళ్లు, బతకాలని లేదు అనిపించేవాళ్లు ఆట వెతుక్కునే ముందు డాక్టర్‌ను వెతుక్కోవాలి. ఫీజు భయమైతే టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 2022 నుంచి నడుస్తోంది. నంబర్ 14416, కాల్ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ చేయడమే భయమైన మనిషికి ఫోన్ నంబర్ ఇవ్వడం ఎంతవరకు సాయమో నాకు తెలుసు. నా మొదటి అపాయింట్‌మెంట్ మా రూమ్మేటే ఫోన్ చేసి తీసుకుంది. మీకూ అలా చేసిపెట్టేవాళ్లు ఒకరుంటే అడగండి.

ఇప్పటికీ తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే ఎత్తను. పెళ్లిళ్లకు వెళ్తున్నాను కానీ భోజనాలు కాగానే వచ్చేస్తాను. ఆఫీసు కాల్‌లో ముందు మాట్లాడేవాళ్ల మాటలు సగం దాకా వినపడుతున్నాయి, మిగతా సగం మీద పని జరుగుతోంది. వచ్చే నెల అన్నకు రెండు ఆదివారాలు కుదరదట, ఆ రెండు వారాలూ ఒక చిన్న కథ నన్ను నడిపించమన్నారు. ఒప్పుకున్నాను. ముగ్గురే ఆటగాళ్లు, అందులో ఒకబ్బాయి కొత్త. చేరేముందు నాకు విడిగా మెసేజ్ పెట్టాడు, తను ఎక్కువ మాట్లాడడనీ, ఏమీ అనుకోవద్దనీ. డైస్ షీట్ మీద పెట్టే పద్ధతి అతనికి రాసి పంపాను. కథలో ఒక రేవు ఉంది, పడవవాడు ఉన్నాడు. పడవవాడిని అతను ఏమీ అడగకపోయినా కథ ముందుకు నడిచేలా రెండు దారులు రాసి పెట్టుకున్నాను.